వీసా గడువుతో పాటు బడి గడువూ చూడాలి

సంపాదకులకు నమస్కారం.

విదేశీ వీసాల గురించి, శాశ్వత నివాస అనుమతుల గురించి మీ పత్రికలో తరచు వార్తలు వస్తున్నాయి. ఏ దేశం ఎంతమందిని రానిస్తున్నది, ఏ ఉద్యోగానికి ఎన్ని పాయింట్లు, దరఖాస్తు రుసుము ఎంత పెరిగింది అన్న సంగతులను బెంగళూరులోని మా తెలుగు ఇళ్లలో శ్రద్ధగా చదువుతారు. అయితే ఆ కుటుంబంతో పాటు విమానం ఎక్కే పిల్లవాడు ఏ నెలలో, ఏ తరగతిలో, ఎలాంటి బడిలో చేరతాడన్న విషయం ఆ వ్యాసాల్లో ఎక్కడా కనిపించదు. ఇళ్లలోనూ అంతే. వీసా వచ్చి, టికెట్లు కొని, ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను అమ్మకానికి పెట్టిన తరువాత గాని బడి మాట ఎవరి నోటా రాదు. 2025లో మా ఇంట్లో జరిగినదాన్ని బట్టి, ముప్పై రెండేళ్లు బడిలో పాఠం చెప్పిన అనుభవాన్ని బట్టి, ఈ వరుస మారాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. బడి తెరిచే తేదీని, పిల్లల తరగతిని ముందు చూసుకుని ఆ తరువాతే ప్రయాణం తేదీ పెట్టుకోవాలని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

నేను హిందూపురం ప్రాంతంలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో గణితం చెప్పి పదవీ విరమణ చేశాను. పదేళ్లుగా నేను, నా భార్య కృష్ణరాజపురంలో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాం. అమ్మాయికి, అల్లుడికి కెనడా శాశ్వత నివాసం మంజూరైంది. మనవడు 2011 అక్టోబరులో పుట్టాడు, మనవరాలు 2019 డిసెంబరులో పుట్టింది. వాళ్ల వైద్య పరీక్షలు 2024 సెప్టెంబరు మొదటి వారంలో అయ్యాయి. ఆ పరీక్షలు పన్నెండు నెలలే చెల్లుతాయి. ఆ దేశంలో కాలు పెట్టవలసిన గడువు సాధారణంగా ఆ పన్నెండు నెలలతోనో, పాస్‌పోర్టు గడువుతోనో ముడిపడి ఉంటుంది. అంటే 2025 సెప్టెంబరు మొదలయ్యేలోగా అందరూ అక్కడ దిగాలి. ఆ ఏడాది లోపల ఎప్పుడు వెళ్లాలన్నది మాత్రం పూర్తిగా మా చేతిలోనే ఉంది. చాలా కుటుంబాలు ఈ వెసులుబాటును ఉద్యోగం కోణంలోనుంచే చూస్తాయి. మా అల్లుడు కూడా మొదట జనవరిలోనే అందరం వెళ్లిపోదామన్నాడు. త్వరగా వెళితే త్వరగా ఉద్యోగం దొరుకుతుందన్న అతని ఆలోచనలో తప్పేమీ లేదు.

అప్పుడు నేను కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. వాళ్లు వెళ్లేది అంటారియో రాష్ట్రానికి. కెనడాలో విద్య రాష్ట్ర ప్రభుత్వాల వ్యవహారం కాబట్టి దేశమంతటికీ ఒకే నియమం లేదు. అంటారియోలో పిల్లల తరగతిని వాళ్లు పుట్టిన సంవత్సరమే నిర్ణయిస్తుంది: ఏ ఏడాదిలో ఆరేళ్లు నిండుతాయో ఆ సెప్టెంబరులో ఒకటో తరగతి, పద్నాలుగేళ్లు నిండే ఏడాది తొమ్మిదో తరగతి. ఎనిమిది వరకు ఒక బడి, తొమ్మిది నుంచి పన్నెండు వరకు ఉన్నత పాఠశాల. జనవరిలో వెళితే మా మనవడు ఇక్కడ ఎనిమిదో తరగతి వార్షిక పరీక్షలు వదిలేసి, అక్కడి ఎనిమిదో తరగతిలో నడిమధ్యన చేరి, జూన్ ఆఖరుకు ఆ బడి వదిలి, సెప్టెంబరులో మరొక బడికి మారాలి. ఎనిమిది నెలల్లో రెండు కొత్త బళ్లు, అది కూడా నడి చలికాలంలో, ఇంటికి ఒక స్థిరమైన చిరునామా ఏర్పడకముందే. ఆగస్టులో వెళితే ఇక్కడ ఎనిమిది పూర్తి చేసి, అక్కడ ఉన్నత పాఠశాల మొదటి రోజున అందరితో పాటు కొత్త విద్యార్థిగా అడుగుపెడతాడు. ఆ రోజున అక్కడి పిల్లలకూ ఆ బడి కొత్తదే. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లవాడికి ఇది ఎంత పెద్ద ఊరటో పిల్లల మధ్య బతికినవారికి తెలుసు.

కుటుంబమంతా ఒకేసారి వెళ్లాలన్న నియమం ఏదీ లేదు. ప్రధాన దరఖాస్తుదారు ముందుగా గాని, అందరితో పాటు గాని దిగాలి. తక్కినవారు గడువులోగా ఎప్పుడైనా చేరుకోవచ్చు. చివరికి అల్లుడు ఫిబ్రవరిలో ఒక్కడే వెళ్లాడు. బంధువుల ఇంట్లో ఉండి ఉద్యోగం చూసుకున్నాడు. ఆ తరువాత ముందుగా బడిని, దాన్ని బట్టి ఇంటిని వెతుక్కున్నాడు. ఈ వరుస ముఖ్యమైనది, ఎందుకంటే అక్కడి ప్రభుత్వ బడిలో ప్రవేశం ఇంటి చిరునామాను బట్టి ఉంటుంది. అద్దె ఒప్పందం లేకపోతే చిరునామా రుజువు లేదు, రుజువు లేకపోతే బడి లేదు. మొదట తాత్కాలికంగా ఒకచోట దిగి, పిల్లల్ని అక్కడి బడిలో వేసి, రెండు నెలలకు దూరాన మంచి ఇల్లు దొరికిందని మారి, పిల్లల్ని మళ్లీ మరొక బడికి మార్చిన కుటుంబాలు నాకు తెలుసు. అమ్మాయి, పిల్లలు ఆగస్టు మధ్యలో వెళ్లారు. ఆరు నెలల ఎడబాటు తేలికైనదని నేను అనను. మనవరాలు రాత్రిళ్లు వాళ్ల నాన్న కోసం ఏడ్చేది. అయినా ఆ ఆరు నెలలు పిల్లల చదువును కాపాడాయని ఈనాటికీ అనుకుంటున్నాను.

మనవరాలి లెక్క ఇంకా చిత్రమైనది. 2025 జూన్ నాటికి ఆమెకు అయిదున్నరేళ్లు. ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలన్న 2020 జాతీయ విద్యావిధానం ప్రకారం ఆమె ఇక్కడ యూకేజీలో కూర్చోవాలి. అదే సెప్టెంబరులో అంటారియోలోని టొరంటోలో ఆమెది ఒకటో తరగతి, ఎందుకంటే 2025 డిసెంబరులో ఆరు నిండుతాయి, అక్కడ ఏడాదే చూస్తారు. ఇంగ్లండులో వయసు లెక్కకు ఆగస్టు 31 గీత. ఆ లెక్కన లండన్‌లోనూ ఇయర్ వన్‌లో, అంటే అక్కడి ఒకటో తరగతిలో ఉంటుంది. టెక్సాస్‌లో సెప్టెంబరు 1 నాటికి ఆరేళ్లు నిండితేనే ఒకటో తరగతి కాబట్టి డల్లాస్‌లో అయితే కిండర్‌గార్టెన్, అంటే ఒకటికి ముందు తరగతి. సిడ్నీలో బడి ఏడాది జనవరి ఆఖరులో మొదలై డిసెంబరులో ముగుస్తుంది. జులై 31లోగా అయిదు నిండే పిల్లలు ఆ ఏడాదే కిండర్‌గార్టెన్‌లో చేరవచ్చు. అందువల్ల ఆమె అక్కడికి ఆగస్టులో వెళ్లి ఉంటే కిండర్‌గార్టెన్ చివరి నాలుగు నెలల్లో చేరి, జనవరికల్లా ఇయర్ వన్‌కు పోయేది. పిల్ల ఒక్కతే, పుట్టినరోజు ఒక్కటే. దిగే ఊరిని బట్టి, నెలను బట్టి తరగతి మారిపోతున్నది. నేను ఈ వివరాలన్నీ ఒక పెద్ద కాగితం మీద గళ్లు గీసి రాసి వంటింటి తలుపుకు అంటించాను. మా అపార్టుమెంటులో ఆ కాగితాన్ని ఫోనులో ఫోటో తీసుకుని వెళ్లినవాళ్లు కనీసం పదిమంది ఉంటారు.

ఇక్కడ యూకేజీ చదివే పిల్ల అక్కడ నేరుగా ఒకటో తరగతికి వెళుతుందంటే తల్లిదండ్రులు సంతోషిస్తారు, ఒక ఏడాది కలిసి వచ్చిందనుకుంటారు. నేను ఆ సంతోషంతో ఏకీభవించలేను. అంటారియోలో నాలుగు, అయిదేళ్ల పిల్లలకు రెండేళ్ల కిండర్‌గార్టెన్ ప్రభుత్వ బడిలోనే ఉంది. అక్కడి ఒకటో తరగతి పిల్లలు ఆ రెండేళ్లూ ఆటల్లో, గుంపుగా కూర్చోవడంలో, ఇంగ్లీషులో తమ అవసరం చెప్పుకోవడంలో గడిపి వస్తారు. మన పిల్లలకు కూడికలు, తీసివేతలు, స్పెల్లింగులు ముందే వచ్చి ఉంటాయి గాని, మరుగుదొడ్డికి వెళ్లాలని టీచరును పరాయి ఉచ్చారణలో అడగడం, మంచు బట్టలు తానే తొడుక్కోవడం రావు. మా అమ్మాయి ఆ వేసవిలో మనవరాలికి ఎక్కాలు చెప్పించకుండా గుండీలు, జిప్పులు, డబ్బా మూతలు తనంతట తాను తీసుకోవడం నేర్పింది. నాకు అది మొదట కాలయాపనగా తోచింది. తరువాత ఆమె చేసిందే సరైనదని ఒప్పుకున్నాను.

చిన్నపిల్లల విషయంలో ఒక నెల అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది. అసలు చిక్కు తొమ్మిదో తరగతి నుంచి పన్నెండో తరగతి వరకు. అంటారియోలో ఉన్నత పాఠశాల పట్టాకు ముప్పై క్రెడిట్లు (పూర్తి చేసిన ఒక్కో కోర్సుకు లెక్కగట్టేవి) కావాలి, నలభై గంటల సమాజ సేవ చేయాలి, అక్షరాస్యత పరీక్ష ఒకటి గట్టెక్కాలి. నడుమ తరగతుల్లో చేరే పిల్లలకు ఇక్కడి చదువును బట్టి ప్రిన్సిపాలు కొన్ని క్రెడిట్లు జమ కడతారు. ఆ అంచనా ఇక్కడి నుంచి తీసుకుపోయిన మార్కుల పత్రాలు ఎంత స్పష్టంగా ఉంటే అంత బాగా జరుగుతుంది. ఆ క్రెడిట్లలో ఒకటి ఫ్రెంచి. అక్కడి పిల్లలు నాలుగో తరగతి నుంచే ఫ్రెంచి చదువుతారు. మా మనవడికి రెండో భాష హిందీ, మూడో భాష కన్నడ. ఫ్రెంచి ఒక్క ముక్క రాదు. వేసవిలో రెండు నెలలు ఫ్రెంచి అక్షరాలూ అంకెలూ నేర్చుకున్నాడు గాబట్టి మొదటి వారాల్లో నెగ్గుకొచ్చాడు. కెనడాలోనే మరొక రాష్ట్రమైన క్వెబెక్‌కు వెళ్లేవారు దీన్ని ఇంకా గట్టిగా పట్టించుకోవాలి. అక్కడ 1977 నాటి ఫ్రెంచి భాషా చట్టం ప్రకారం, స్థిరపడడానికి వచ్చిన కుటుంబాల పిల్లలు ప్రభుత్వ బడిలో గాని, ప్రభుత్వ సాయం పొందే ప్రైవేటు బడిలో గాని చేరితే ఫ్రెంచి మాధ్యమంలోనే చదవాలి. అక్కడి మాంట్రియల్ నగరంలో ఇంగ్లీషు వినబడుతుంది కదా అనుకుని వెళ్లి, బడి తలుపు దగ్గర ఈ సంగతి తెలుసుకోవడం కన్నా ఇక్కడే తెలుసుకోవడం మేలు. స్థానిక భాష బడిలో తప్పనిసరి కావడం మనకు కొత్త విషయమేమీ కాదు. తమిళనాడులో 2006 చట్టంతో తమిళం, కర్ణాటకలో 2015 చట్టంతో కన్నడం బడికి వచ్చాయి. ఇక్కడి తెలుగు పిల్లలు చదువుతూనే ఉన్నారు. ముందుగా తెలిస్తే సిద్ధపడవచ్చు, అంతే.

మా అపార్టుమెంటులోనే మరొక తెలుగు కుటుంబం డిసెంబరులో అమెరికాకు వెళ్లింది. వాళ్ల అమ్మాయి సీబీఎస్‌ఈ పదో తరగతి. బోర్డు పరీక్షలకు రెండు నెలలు ఉన్నాయి. కంపెనీ బదిలీ ఆగదని, పిల్లకు అక్కడ పదో తరగతిలో వెంటనే చోటు దొరుకుతుందని వెళ్లిపోయారు. చోటు దొరికిన మాట నిజమే. అమెరికాలో పిల్లల వీసా ఏదని చూడకుండా ప్రభుత్వ బడిలో ఉచితంగా చేర్చుకోవాలని 1982లోనే అక్కడి సుప్రీంకోర్టు తీర్పు ఉంది. అయితే ఆ అమ్మాయి పదేళ్లు చదివిన చదువుకు చివరి పత్రం లేకుండా పోయింది. మన దేశంలో పదో తరగతి ధ్రువపత్రం జీవితమంతా పుట్టిన తేదీకి రుజువుగా పనికివచ్చే కాగితం. తల్లీ కూతురూ మార్చి ఆఖరు దాకా ఇక్కడే ఉండి ఉంటే ఏమీ మునిగిపోయేది కాదు. పదిలో గాని పన్నెండులో గాని ఉన్న పిల్లల్ని పరీక్షల ముందు కదిలించవద్దని నేను అడిగినవారికీ అడగనివారికీ చెబుతున్నాను. పదకొండు మధ్యలో కదిలించడం కూడా అంతే కష్టం; అమెరికా చరిత్ర వంటి, మన పిల్లలు ఎన్నడూ చదవని పాఠాలు పట్టాకు తప్పనిసరిగా ఉండే చోట్ల రెండేళ్లలో నాలుగేళ్ల బరువు మోయవలసి వస్తుంది.

అమెరికా మాట వచ్చింది గనుక మరొకటి చెప్పాలి. హెచ్-1బీ మీద వెళ్లినవారి పిల్లలకు హెచ్-4 వీసా ఇరవై ఒకటో ఏట ముగుస్తుంది. గ్రీన్ కార్డు కోసం భారతీయుల నిరీక్షణ ఎంత పొడవైనదో మీ పాఠకులకు తెలుసు. పన్నెండేళ్ల పిల్లను తీసుకుని వెళ్లే తల్లిదండ్రులు బడి ఉచితమన్న సంతోషంతో పాటు, ఆ పిల్లకు కళాశాల వయసు వచ్చేసరికి ఏ హోదాలో ఉంటుందో, అక్కడే విద్యార్థి వీసాకు మారవలసి వస్తుందేమో కూడా బయలుదేరకముందే మాట్లాడుకోవాలి.

ప్రభుత్వ బడి ప్రతిచోటా అందరికీ ఉచితమనుకోవడం కూడా పొరపాటే. ఆస్ట్రేలియాలో శాశ్వత నివాసులకు ఉచితం. న్యూ సౌత్ వేల్స్ వంటి రాష్ట్రాల్లో తాత్కాలిక వీసాదారుల పిల్లలు చాలామంది ప్రభుత్వ బడికీ రుసుము కట్టాలి. బ్రిటన్‌లో నైపుణ్య వీసా మీద వెళ్లినవారి పిల్లలు ప్రభుత్వ బడిలో ఉచితంగా చదువుకోవచ్చు. కాని 2024 జనవరి నుంచి, సాధారణ మాస్టర్స్ చదువుకు వెళ్లేవారు కుటుంబాన్ని వెంట తీసుకుపోయే వీలే లేదు. జర్మనీలో ఇంట్లో ఉంచి చదివించడానికి ఒప్పుకోరు, బడికి పంపి తీరాలి. గల్ఫ్ దేశాలకు వెళ్లేవారికి మన సీబీఎస్‌ఈ బళ్లే ఏప్రిల్‌లో తెరుచుకుంటాయి కాబట్టి తరగతి చిక్కు తక్కువ, అయితే అవన్నీ రుసుము కట్టవలసిన ప్రైవేటు బళ్లు, బదిలీ పత్రం మీద ప్రభుత్వ ధ్రువీకరణ ముద్రలూ కావాలి.

ఈ మధ్య బెంగళూరులో మరొక అలవాటు చూస్తున్నాను. వీసాకు దరఖాస్తు పెట్టిన నాడే పిల్లల్ని సీబీఎస్‌ఈ నుంచి తీసి, ఎన్నో రెట్లు ఎక్కువ రుసుము కట్టి, కేంబ్రిడ్జి పద్ధతి బడిలోనో ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) బడిలోనో వేస్తున్నారు. విదేశానికి వెళ్లే పిల్లలకు విదేశీ పద్ధతి ముందుగా అలవాటు కావాలన్నది వాళ్ల వాదన. ఎనిమిదో తరగతి లోపు పిల్లలకు ఇది అనవసరమైన ఖర్చు. కెనడాలో గాని, అమెరికాలో గాని ప్రభుత్వ బడిలో చేర్చుకునేటప్పుడు పిల్లవాడు ఇక్కడ ఏ బోర్డులో చదివాడో చూసి తరగతి ఇవ్వరు, వయసు చూసి ఇస్తారు. తొమ్మిదిలో కేంబ్రిడ్జి వారి ఐజీసీఎస్‌ఈ కోర్సు మొదలుపెట్టి, పదికి రాకముందే వీసా వచ్చి వెళ్లిపోతే ఆ రెండేళ్ల కోర్సు సగంలో ఆగిపోతుంది. పదకొండు, పన్నెండు కలిపి సాగే ఐబీ కోర్సుదీ అదే పరిస్థితి. వెళ్లిన ఊళ్లో ఐబీ బడి ఉండి, అందులో అవే పాఠాలు ఉంటే తప్ప అతకదు. అయితే పదిహేనేళ్ల పిల్లవాడు ఉన్న ఇంట్లో ప్రయాణం తేదీ ఎంతకీ తేలకపోతే, ఏటా రెండు విడతలు పరీక్షలు పెట్టే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ (ఎన్‌ఐఓఎస్) వైపు చూడవచ్చు. 1989లో ఏర్పడిన ఈ సంస్థ పది, పన్నెండు తరగతుల పట్టాలకు దేశమంతటా గుర్తింపు ఉంది. మన మధ్యతరగతి ఇళ్లలో దాన్ని తప్పినవాళ్ల చదువుగా చూస్తారు, అది అన్యాయం.

ఇక మార్చికీ సెప్టెంబరుకూ నడుమ మిగిలిపోయే నెలల సంగతి. నేను అన్నిటికన్నా ఎక్కువగా బాధపడింది ఇక్కడే. ఎనిమిదో తరగతి ఫలితాలు వచ్చిన వారానికే మేము బడికి వెళ్లి, పిల్లవాడు ఆగస్టులో దేశం విడిచి వెళుతున్నాడు, టీసీ ఇవ్వండని దరఖాస్తు ఇచ్చాం. కొత్త తరగతి మొదటి విడత రుసుము కడితేనే టీసీ సంగతి చూస్తామన్నారు. పిల్లవాడు తొమ్మిదో తరగతిలో ఒక్కరోజు కూడా కూర్చోబోవడం లేదని ఎంత చెప్పినా వినలేదు. ఆరు వారాలు తిరిగిన తరువాత, రుసుము కట్టకుండానే ఇచ్చారు గాని, ఆ ఆరు వారాలు మా అమ్మాయి పడిన ఆందోళన ఇంతా అంతా కాదు. 2009 విద్యాహక్కు చట్టం అయిదో సెక్షన్, బడి మారే పిల్లలకు ప్రధానోపాధ్యాయుడు బదిలీ పత్రం వెంటనే ఇవ్వాలని చెబుతున్నది. ఆ సెక్షన్ దేశంలోపలి బదిలీల కోసం రాసినది కావచ్చు. పిల్లవాడి కాగితాన్ని రుసుముకు తాకట్టుగా పట్టుకోరాదన్న దాని ఉద్దేశం మాత్రం సరిహద్దు దాటే పిల్లలకూ వర్తించాలి. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏ పిల్లవాడి టీసీని రెండో రోజుకు వాయిదా వేయనివ్వలేదు. తల్లిదండ్రులకు ధైర్యం కోసం ఒక మాట చెబుతాను: టొరంటోలో మనవణ్ణి చేర్చుకున్న బడివారు టీసీ అడగనే లేదు. చివరి రెండేళ్ల మార్కుల పత్రాలు, పుట్టిన తేదీ రుజువు, నివాస అనుమతి పత్రం, చిరునామా, టీకాల కాగితం చూశారు; ఇంగ్లీషులో, గణితంలో చిన్న పరీక్ష పెట్టి తరగతులు కేటాయించారు. అయినా టీసీ తీసుకునే వెళ్లాలి, తిరిగి రావలసి వస్తే ఇక్కడ మొదట అడిగేది అదే.

జూన్‌లో స్నేహితులందరూ తొమ్మిదో తరగతికి వెళుతుంటే మా మనవడు కిటికీలోంచి బడి బస్సును చూసి, "తాతా, నేను ఇప్పుడు ఏ తరగతి?" అని అడిగాడు. నా దగ్గర వెంటనే జవాబు లేదు. పద్నాలుగో ఏట ఏ బడికీ చెందకుండా రెండున్నర నెలలు గడపడం పిల్లవాడికి ఎంత బరువో పెద్దలు గుర్తించరు. సెలవులే కదా అనుకుంటారు. కొందరు ఈ కాలాన్ని ఆన్‌లైన్ ట్యూషన్లతో నింపేస్తారు. మేము పొద్దున రెండు గంటలు తొమ్మిదో తరగతి గణితం, కొంచెం ఫ్రెంచి పెట్టుకున్నాం. సాయంత్రం తెలుగు. వాడు పుట్టి పెరిగింది బెంగళూరు కాబట్టి తెలుగు మాట్లాడతాడు గాని చదవలేడు. జూన్‌లో అ, ఆ లతో మొదలుపెట్టి, ఆగస్టు మొదటి వారానికి మీ పత్రికలో క్రికెట్ వార్త కూడబలుక్కుని చదివాడు. కన్నడ లిపి బడిలో నేర్చుకున్నాడు గనుక తెలుగు అక్షరాలు చాలా త్వరగా పట్టుబడ్డాయి. బెంగళూరులో చదివే మన పిల్లలకు ఉన్న ఈ సౌకర్యాన్ని ఎవరూ వాడుకోవడం లేదు. అమెరికాలో 2007 నుంచి సిలికానాంధ్ర మనబడి వంటి సంస్థలు వారాంతపు తెలుగు తరగతులు నడుపుతున్నాయి, అది గొప్ప సేవ. కాని అక్షరాలు ఇక్కడే, తాతా అవ్వల దగ్గరే నేర్చి వెళ్లిన పిల్లవాడికి అక్కడ భాషను నిలుపుకోవడం ఎంతో సులభం. ఇప్పుడు మనవడు ఫోనులో నాకు రెండు వాక్యాలైనా తెలుగు లిపిలో రాస్తాడు. ఒత్తులు తప్పుతాయి. నేను దిద్ది తిరిగి పంపుతాను.

టీకాల గురించి రెండు మాటలు రాయక తప్పదు. మన ప్రభుత్వ టీకా కార్యక్రమంలో తట్టు, రుబెల్లాలకు టీకా ఉంది గాని గవదబిళ్లలకు లేదు, ఆటలమ్మకు లేదు, మెదడు పొరల వాపును అడ్డుకునే మెనింగోకాకల్ టీకా లేదు. అంటారియో బళ్లు ఇవన్నీ అడుగుతాయి. ఆటలమ్మ టీకా 2010లో గాని ఆ తరువాత గాని పుట్టినవారికి తప్పనిసరి. అమెరికాలోనూ గవదబిళ్లల టీకా అడుగుతారు. కొన్ని టీకాలకు రెండు మోతాదుల నడుమ వారాలు ఆగాలి కాబట్టి చివరి వారంలో పరుగెత్తితే పని జరగదు. పిల్లల పేరు కూడా అంతే. బడి రికార్డులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉండి, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే, ఇద్దరు వేర్వేరు పిల్లలు అనుకునే ప్రమాదం ఉంది. బడిలో పేరు దిద్దించుకోవడం పిల్లవాడు ఇంకా అక్కడ చదువుతున్నప్పుడే సులభం.

తిరిగి రావడం గురించి ఎవరూ ముందుగా ఆలోచించరు, అపశకునమనుకుంటారు. కాని ఉద్యోగం పోయి, పెద్దల ఆరోగ్యం బాగులేక, తిరిగి వచ్చిన కుటుంబాలు మా వీధిలోనే ఉన్నాయి. సీబీఎస్‌ఈలో తొమ్మిది, పది కలిపి ఒక కోర్సు. పదకొండు, పన్నెండు కలిపి మరొకటి. పదిలోనో, పన్నెండులోనో నేరుగా చేరడానికి బోర్డు అనుమతి కావాలి, దానికి షరతులున్నాయి. కాబట్టి రావలసి వస్తే తొమ్మిదికో పదకొండుకో వచ్చేలా చూసుకోవాలి. ఆంధ్ర, తెలంగాణల్లో ఇంజనీరింగ్, వైద్య సీట్ల స్థానికత వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. కర్ణాటకలో ఏడేళ్ల చదువు అడుగుతారు. బెంగళూరులో పెరిగి విదేశానికి పోయి వచ్చిన తెలుగు పిల్లవాడు ఈ మూడు చోట్లా బయటివాడుగా నిలబడే అవకాశం ఉంది. దీన్ని భయపెట్టడానికి రాయడం లేదు. ఎనిమిదో తరగతికి ముందు వెళ్లే కుటుంబానికీ, పదకొండులో వెళ్లే కుటుంబానికీ తిరుగుదారి ఒకేలా ఉండదని చెప్పడానికే రాస్తున్నాను.

బెంగళూరులోని ప్రైవేటు బళ్ల యాజమాన్యాలను నేను కోరేది ఎక్కువేమీ కాదు. దేశం విడిచి వెళుతున్నామని తల్లిదండ్రులు రాతపూర్వకంగా చెప్పిన వారంలోగా టీసీ ఇవ్వండి. జూన్, జులై నెలల్లో పిల్లవాడు బడికి వస్తానంటే ఆ రెండు నెలలకే రుసుము తీసుకుని కూర్చోనివ్వండి. మా మనవడికి ఆ ఏర్పాటు ఉండి ఉంటే కిటికీ దగ్గర నిలబడవలసిన అవసరం వచ్చేది కాదు. మార్కుల పత్రంతో పాటు, ఆ ఏడాది ఏ సబ్జెక్టులో ఏ పాఠాలు చెప్పారో ఒక పేజీ రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి ఇవ్వండి. అక్కడి ప్రిన్సిపాలు క్రెడిట్లు లెక్కగట్టేటప్పుడు ఆ పేజీ విలువ తెలుస్తుంది.

మీ పత్రికకు నా విన్నపం ఇది. ప్రయాణాలు ఎక్కువగా వేసవిలో జరిగినా నిర్ణయాలు నవంబరు, డిసెంబరుల్లోనే అయిపోతాయి. ఆ నెలల్లో మీ విద్యా పేజీలో ఒక్కో దేశం గురించి ఒక్కో వారం, బడి ఎప్పుడు తెరుస్తారు, వయసు గీత ఎక్కడ, ఎవరికి ఉచితం, ఏ టీకాలు కావాలి అన్నవి సరిచూసి ప్రచురించండి. నేను గళ్లు గీసిన కాగితం నకలును ఈ లేఖతో జతపరుస్తున్నాను. అందులో అయిదు ఊళ్ల వివరాలు ఉన్నాయి. మిగిలిన ఊళ్లకు ఖాళీ వరుసలు వదిలాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు,
కృష్ణరాజపురం, బెంగళూరు.